నేను టైపు కొట్టిన పేరు – కాన్రాడ్ ష్లంబెర్జే

మన సంఘం ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం వ్రాసి ఇమ్మని కార్యవర్గ మిత్రులు కోరారు. గాంధీ గారి గురించి, విశ్వేశ్వరయ్య గారి గురించి, కాటన్ దొర గురించి నాకన్న బాగా వ్రాయగలవారు మన సంఘంలో చాలామంది ఉన్నారు. అందుచేత నేను మరొకరిని ఎంచుకున్నాను. ఆయన ఫ్రాన్సు దేశస్థుడు. కన్నుమూసి తొంభై ఏళ్ళు కావస్తోంది. గనుల వారికి, చమురు బావుల వారికి ఆయన పేరు తెలియకుండా ఉండదు. మనబోటి గుమాస్తాలకు మాత్రం తెలియదు. కాని మీ ఊళ్ళో ఎప్పుడైనా గవర్నమెంటు వారు వచ్చి, పొలంలో కడ్డీలు పాతి, తీగలు పరచి, బోరుకు చోటు చూపించి ఉంటే, ఆ తీగల వెనుక ఆయన ఉన్నట్లే.

ఆయన పేరు కాన్రాడ్ ష్లంబెర్జే. ఈ ఉచ్చారణ కూడా నాకు రిటైరైన తరువాతే తెలిసింది. నేను పనిచేసినది భూగర్భ జలాల పని చూసే ఒక ఆఫీసులో. టైపిస్టుగా చేరి, సూపరింటెండెంటుగా దిగాను. సర్వే రిపోర్టులన్నీ మొదట్లో నా చేతి మీదుగానే పోయేవి. ప్రతి రిపోర్టు మొదటి పేరాలో షలంబర్గర్ పద్ధతిన సర్వే జరిగిందని ఇంగ్లీషులో ఒక వాక్యం ఉండేది. ఆ మాటను కొన్ని వేలసార్లు కొట్టి ఉంటాను. అది మిషను కంపెనీ పేరో, ఏదో ఊరి పేరో అనుకున్నాను గాని, ఒక మనిషి ఇంటిపేరు అని ఏనాడూ అనుకోలేదు. మా మనుమరాలు ఎమ్మెస్సీ జియోఫిజిక్సులో చేరినప్పుడు దాని పుస్తకంలో ఆ పేరు మళ్ళీ కనబడింది. ఆయన ఎవరమ్మా అని అడిగాను. అప్పటి నుంచి అది తెచ్చిపెట్టిన పుస్తకాలు చదివి, మా ఆఫీసులో పనిచేసి రిటైరైన ఒక జియోఫిజిసిస్టు గారిని అడిగి తెలుసుకున్నది ఇక్కడ వ్రాస్తున్నాను. ఆయన గురించి ఇంత పట్టుదలగా ఎందుకు తెలుసుకోవలసి వచ్చిందో చివర మనవి చేస్తాను.

పుట్టుక – చదువు

కాన్రాడ్ 1878 అక్టోబరు 2న ఆల్సాస్ ప్రాంతంలోని గెబ్విల్లేర్ అనే ఊళ్ళో పుట్టారు. ఆ ప్రాంతం ఫ్రాన్సుకూ జర్మనీకీ మధ్య సరిహద్దు. 1871లో యుద్ధంలో గెలిచి జర్మనీ దానిని కలుపుకున్నది. అంటే ఆయన పుట్టేనాటికి ఆ ఊరు జర్మనీది, ఇంట్లో మనసు మాత్రం ఫ్రాన్సుది. ష్లంబెర్జే వారు ప్రొటెస్టంట్లు, నూలు మిల్లుల కుటుంబం. పిల్లలు అక్కడే పెరిగితే జర్మను సైన్యంలో పనిచేయవలసి వస్తుందని, తండ్రి పాల్ ష్లంబెర్జే గారు కొడుకులను చదువుకోసం పారిస్ పంపారు.

తల్లి మార్గరీత్ గారు ఫ్రాన్సుకు ప్రధానమంత్రిగా చేసిన గిజో గారి మనుమరాలు. స్త్రీలకు ఓటు హక్కు కావాలని పోరాడిన ఫ్రెంచి మహిళా సంఘానికి 1913 నుంచి అధ్యక్షురాలు. 1924లో ఆమె పోయారు. అక్కడి స్త్రీలకు ఓటు హక్కు 1944లో గాని రాలేదు. ఫలితం తమ కళ్ళతో చూడకపోయినా పని చేసుకుపోయే గుణం ఆ ఇంట్లో ఉన్నదని చెప్పడానికే ఇది వ్రాశాను. అన్నగారు జాఁ ష్లంబెర్జే పేరున్న రచయిత. ఆరేళ్ళు చిన్నవాడైన తమ్ముడు మార్సెల్ ఇంజనీరు. ఈ కథలో అన్నదమ్ములిద్దరినీ విడదీసి చెప్పడానికి వీలుండదు.

కాన్రాడ్ 1898లో పారిస్‌లోని పేరుపొందిన ఎకోల్ పొలిటెక్నిక్‌లో సీటు సంపాదించారు. తరువాత గనుల ఇంజనీరై ప్రభుత్వ ఉద్యోగంలో చేరారు. 1907లో పారిస్ గనుల విద్యాలయంలో భౌతికశాస్త్రం ప్రొఫెసరయ్యారు. జీతం, గౌరవం, పెన్షను అన్నీ ఉన్న ఉద్యోగం. మనబోటివారైతే అక్కడితో కథ ముగిసేది.

తొట్టిలో ఇసుక

గనుల విద్యార్థులకు పాఠం చెప్పే మనిషికి ఒక ప్రశ్న తగిలింది. నేలలోపల ఖనిజం ఎక్కడున్నదో తెలుసుకోవాలంటే అప్పట్లో దారులు రెండే. పైన కనబడే రాతిని బట్టి ఊహించడం, లేదా తవ్వి చూడడం. తవ్వడమంటే డబ్బు. తవ్విన చోట ఏమీ లేకపోతే ఆ డబ్బు మట్టిపాలే. తవ్వకుండా లోపలి సంగతి తెలుసుకునే దారి లేదా అని ఆయన ఆలోచించారు. రాగి, ఇనుము కలిసిన ఖనిజాలలో కరెంటు సులభంగా పారుతుంది. ఎండు రాతిలో పారదు. మరి నేలలోకి కరెంటు పంపి, అది ఎటు పారుతున్నదో పైనుంచి చూస్తే లోపలి సంగతి బయటపడాలి కదా.

1911లో ఆయన విద్యాలయం నేలమాళిగలో ఒక స్నానాల తొట్టిని ఇసుకతో నింపారు. ఇసుకలో లోహపు ముక్కలు పాతిపెట్టి, కరెంటు పంపి, పైన ఒక్కొక్క చోట వోల్టేజి కొలిచారు. వోల్టేజి సమానంగా ఉన్న చోట్లను కలుపుతూ గీతలు గీశారు. లోహం ఉన్న చోట గీతలు వంగిపోయాయి. పెద్ద ప్రొఫెసరు తొట్టి ముందు కూర్చుని ఇసుకలో పుల్లలు గుచ్చుతూ ఉంటే చూసినవారు ఏమనుకున్నారో గాని, ఆయనకు కావలసినది దొరికింది. మరుసటి ఏడు 1912లో నార్మండీలో వాల్ రిషే అనే తమ కుటుంబపు ఎస్టేటులో, అసలు నేల మీద అదే పని చేసి మ్యాపు గీశారు. అది ఒకప్పుడు క్రైస్తవ సన్యాసుల మఠం. తల్లిగారి తాతగారైన గిజో గారు కొన్న చోటు.

భూమి తనంతట తాను పంపే కరెంటు

ఇక్కడే ఈ కథలో నాకు మిక్కిలి ఇష్టమైన ఘట్టం వస్తుంది. మనం కరెంటు పంపకుండానే నేలలో కరెంటు ఉంటుంది. ఈ సంగతి అంతకు చాలా ముందే, 1830లో, ఇంగ్లండులోని కార్న్‌వాల్ రాగి గనుల్లో రాబర్ట్ వేర్ ఫాక్స్ అనే ఆయన గమనించి ప్రకటించారు. గని గోడలో ఖనిజపు చారకు రెండు చోట్ల తీగలు తగిలిస్తే ముల్లు కదిలింది. కాని దానిని ఖనిజం వెదికే పనికి నిలకడగా వాడినవారు లేరు. దాదాపు 80 ఏళ్ళు ఆ సంగతి పుస్తకాల్లోనే ఉండిపోయింది.

ఈ కరెంటు ఎలా పుడుతుందో నాకు అర్థమైన మేరకు చెబుతాను. రాగి, ఇనుము గంధకంతో కలిసిన ఖనిజపు దిబ్బ ఒకటి నేలలో నిలువుగా ఉన్నదనుకోండి. దాని పైభాగం నీటిమట్టం దగ్గర, గాలి సోకే చోట ఉంటుంది. అడుగుభాగం గాలి చొరని లోతులో ఉంటుంది. పైన జరిగే రసాయన చర్య వేరు, కింద జరిగేది వేరు. మధ్యలో ఖనిజం తీగలాగా పనిచేస్తుంది. మన టార్చిలైటు బ్యాటరీలో జరిగేది కూడా ఇటువంటిదే. అంటే ఆ దిబ్బ యుగాల తరబడి నేలలో వెలుగుతున్న ఒక పెద్ద బ్యాటరీ. దాని ఫలితంగా సరిగ్గా ఆ దిబ్బకు పైన నేల మీద వోల్టేజి చుట్టుపక్కల కంటె తగ్గిపోతుంది. ఒక్కొక్క చోట కొన్ని వందల మిల్లీవోల్టులు తగ్గుతుంది.

ఇంత చిన్న వోల్టేజిని కొలవడంలో ఒక చిక్కు ఉన్నది. తడినేలలో ఇనుప కడ్డీ గుచ్చితే ఆ కడ్డీయే తడితో కలిసి సొంతంగా కొంత వోల్టేజి పుట్టిస్తుంది. అప్పుడు కొలిచినది భూమిదో, కడ్డీదో తెలియదు. దీనికి విరుగుడు ఒక మట్టిముంత. ముంతలో మైలుతుత్తం నీళ్ళు పోసి, అందులో రాగి కడ్డీ ముంచుతారు. ముంత సన్నరంధ్రాలలోంచి నీరు చెమర్చి నేలను తాకుతుంది. లోహం నేలను తాకదు. ఒక ముంతను ఒకచోట ఉంచి, రెండవ ముంతను తీగతో చేత పట్టుకుని అడుగడుగునా దింపుతూ కొలుచుకుంటూ పోతారు. మన ఇళ్ళల్లో కుండ చల్లబడే ఉపాయమే అక్కడ భూమి మాట వినే ఉపాయమయింది.

కాన్రాడ్ లియోన్ నగరానికి దగ్గరలో సేన్ బెల్ అనే పైరైటు గని వద్ద ఈ సహజమైన కరెంటును గుర్తించారు. 1913లో సెర్బియా దేశంలో ఒక ఫ్రెంచి కంపెనీ నడిపే బోర్ రాగి గనికి వెళ్ళారు. అక్కడి నేల మీద ముంతలతో నడిచి, వోల్టేజి తగ్గిన చోట్లను మ్యాపు మీద గీతలుగా చుట్టారు. ఆ గీతలు ఒక గుంటలాగా కూడిన చోట కింద రాగి ఖనిజం బయటపడింది. అయస్కాంతానికి అంటని ఖనిజాన్ని ఇలా విద్యుత్తు కొలతలతో కనిపెట్టడం అదే మొదలు. పలుగు దింపకుండా, బ్యాటరీ కూడా లేకుండా, భూమి స్వయంగా ఇచ్చే గుర్తు పట్టుకుని చోటు చెప్పారు.

హద్దు తెలిసిన మనిషి

అంతటితో ఆయన తన పద్ధతి అన్నిటికీ మందు అని చాటింపు వేయించుకుని ఉండవచ్చు. అలా చేయలేదు. ముల్లు కదిలిందంటే కింద ఏదో ఉన్నదని అర్థం. అది విలువైన రాగి కావచ్చు, పనికిరాని పైరైటు కావచ్చు, గ్రాఫైటు కావచ్చు. మూడూ ముల్లును ఒకేలా కదిలిస్తాయి. ఎంత ఉన్నదో కూడా ముల్లు చెప్పదు. పైగా బొగ్గుకు, ఉప్పుకు, చమురుకు ఈ సహజ కరెంటుతో నేరుగా పని జరగదు. అందుచేత ఆయన తొట్టిలో మొదలుపెట్టిన పాత దారికే తిరిగి వచ్చారు. మనమే నేలలోకి కరెంటు పంపి, ఏ పొర ఎంత అడ్డుతున్నదో కొలిచే దారి అది. ఒక విజయం చేతికి వచ్చిన తరువాత దాని హద్దు తానే గీసుకోవడం తేలిక కాదు.

1914లో యుద్ధం వచ్చింది. కాన్రాడ్ ఫిరంగి దళంలో పనిచేశారు. ప్రయోగాలన్నీ ఆగిపోయాయి. నాలుగేళ్ళు గడిచాయి. యుద్ధం ముగిసి ఆల్సాస్ తిరిగి ఫ్రాన్సులో కలిసింది.

తండ్రి వ్రాసిన ఒప్పందం

1919 నవంబరులో జరిగిన సంగతి మనం, అంటే పిల్లలకు ఆస్తి పంచే వయసులో ఉన్నవాళ్ళం, నిదానంగా చదవవలసినది. అప్పటికి పాల్ ష్లంబెర్జే గారికి డెబ్బై దాటాయి. కొడుకులిద్దరినీ పిలిచి, ఈ పరిశోధన కోసం 5 లక్షల ఫ్రాంకుల వరకు ఇస్తానని ఒప్పందం వ్రాశారు. ఇది లాభం వచ్చేదాకా పెట్టుబడి అని వ్రాయలేదు. శాస్త్ర పరిశోధనకే మొదటి స్థానమనీ, డబ్బు ప్రయోజనం దాని తరువాతనే అనీ షరతు పెట్టారు. కాన్రాడ్ శాస్త్రజ్ఞుడుగా ఉండాలి, మార్సెల్ తన ఇంజనీరు తెలివిని, వ్యవహార జ్ఞానాన్ని జోడించాలి, పెద్దవాడైన తాను వారిని ఆదుకుంటాను అన్నది దాని సారాంశం. దుబారా, సోమరితనం మాత్రం సహించనని కూడా చేర్చారు.

ఇద్దరు కొడుకులలో ఎవరికి ఏది చేతనవునో తండ్రికి తెలుసు. ఒకడిని రెండవవాడితో పోల్చలేదు. జతకట్టించారు. ఆ తండ్రి 1926లో పోయారు. అదే సంవత్సరం అన్నదమ్ములు పారిస్‌లో విద్యుత్ అన్వేషణ కంపెనీని స్థాపించారు.

ఈలోపు 1920లో కాన్రాడ్ తన పద్ధతిని వివరిస్తూ పుస్తకం వ్రాశారు. 1923లో రుమేనియా దేశంలో అరిచెష్ట్ అనేచోట నేలలోపలి ఉప్పు గుమ్మటాన్ని మ్యాపు గీసి చూపించారు. ఉప్పు గుమ్మటాల పక్కన చమురు చేరుతుంది గనుక ఇది చమురు వారి కంటబడింది.

నాలుగు కడ్డీలు

నా టైపుమిషను మీద వేలసార్లు పడిన పద్ధతి ఈ కాలంలోనే రూపుదిద్దుకున్నది. నాలుగు కడ్డీలు ఒకే వరుసలో పాతుతారు. బయటి రెండింటి ద్వారా బ్యాటరీ కరెంటు నేలలోకి పోతుంది. మధ్యలో దగ్గర దగ్గరగా ఉన్న రెండింటి మధ్య వోల్టేజి కొలుస్తారు. బయటి కడ్డీలను దూరం జరిపేకొద్దీ కరెంటు లోతుకు దిగుతుంది. లోపలి కడ్డీలను మాటిమాటికీ కదపనక్కరలేదు. ఇదే ష్లంబెర్జే పద్ధతి. అమెరికాలో వెన్నర్ అనే ఆయన 1915లో నాలుగు కడ్డీలనూ సమాన దూరంలో పాతే పద్ధతి ప్రకటించారు. మన దేశంలో ఇవి రెండూ వాడారు.

మన నేలకు ఇది ఎందుకు పనికివచ్చిందంటే, మనకు చాలా జిల్లాల్లో అడుగున గట్టి రాయి. పగుళ్ళు లేని రాయి కరెంటును బాగా అడ్డుతుంది. కుళ్ళి, పగిలి, నీరు పట్టిన రాయి అంతగా అడ్డదు. లోతును బట్టి అడ్డు ఎలా మారుతున్నదో గ్రాఫు గీస్తే, కుళ్ళిన పొర ఎంత మందం ఉన్నదో అంచనా కట్టవచ్చు. నీరు ఇన్ని గ్యాలన్లు వస్తుందని అది చెప్పదు. నీటికి వీలున్న చోటు, వీలులేని చోటు అని మాత్రం చెబుతుంది.

బావిలోకి దిగిన కరెంటు

1927 సెప్టెంబరు 5న మరొక మెట్టు ఎక్కారు. ఆల్సాస్‌లో, అంటే కాన్రాడ్ పుట్టిన సీమలోనే, పెషెల్‌బ్రాన్ చమురు క్షేత్రంలో ఒక బావిలోకి తీగలకు కట్టిన కడ్డీలను దింపారు. పని నడిపించినది కాన్రాడ్ గారి అల్లుడు ఆంరీ దోల్. మీటరు మీటరుకూ ఆపి, కొలిచి, కాగితం మీద చుక్క పెట్టారు. చుక్కలు కలిపితే బావి లోపలి పొరల పటం వచ్చింది. అంతకు ముందు పొరలు తెలుసుకోవాలంటే లోపలి రాతిని ముక్కలుగా కోసి పైకి తీయవలసి వచ్చేది. అది ఖరీదైన, ఆలస్యమైన పని. ఇప్పుడు ప్రపంచంలో చమురు బావి తవ్వితే ఇటువంటి కొలత తీయకుండా ఊరుకోరు. మన గోదావరి సీమలో తవ్విన బావులకూ ఇది తప్పలేదు.

ఇక్కడ ఒక విచిత్రం. 1931 ప్రాంతంలో బావుల్లో కొలతలు తీస్తుంటే, పైనుంచి కరెంటు పంపనప్పుడు కూడా ముల్లు కదులుతున్నదని గమనించారు. బావిలోని బురదనీటికీ, పొరలోని ఉప్పునీటికీ తేడా వల్ల అక్కడ కూడా సహజంగా వోల్టేజి పుడుతున్నది. ఇసుకరాయి వంటి, నీరు చమురు చొరగల పొరల దగ్గర అది స్పష్టంగా మారుతుంది. దానితో ఆ పొరలను గుర్తించడం సులువయింది. 18 ఏళ్ళ క్రితం బోర్‌లో మట్టిముంతలతో విన్న భూమి సొంత కరెంటు, ఇప్పుడు బావి లోపల మళ్ళీ ఎదురయింది. ఎప్పుడో పక్కన పెట్టిన ఫైలు వేరే నంబరుతో తిరిగి బల్ల మీదికి వచ్చినట్లు.

చివరి ప్రయాణం

1929 నుంచి సోవియట్ దేశంలో గ్రోజ్నీ, బాకూ చమురు క్షేత్రాల్లో వారి మనుషులు పనిచేశారు. ప్రపంచమంతా ఆర్థిక మాంద్యంలో ఉన్న ఆ సంవత్సరాల్లో ఆ పని కంపెనీకి ఊతమయింది. 1934లో అమెరికాలోని హ్యూస్టన్‌లో వేరే కంపెనీ పెట్టారు. కాన్రాడ్ గారు కుర్చీలో కూర్చుని సంతకాలు పెట్టే రకం కాదు. రష్యా ప్రయాణం ముగించుకుని తిరిగి వస్తూ 1936 మే 9న స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్‌లో హఠాత్తుగా మరణించారు. వయసు 57. మన లెక్కలో, అప్పటి మన రిటైర్మెంటుకు ఇంకా ఒక ఏడు ఉన్న వయసు.

ఆయనకు ముగ్గురు కుమార్తెలు. వారిలో దొమినీక్ గారు భర్తతో కలిసి సేకరించిన చిత్రాలు, శిల్పాలతో 1987లో హ్యూస్టన్‌లో ఒక మ్యూజియం తెరిచారు. తమ్ముడు మార్సెల్ అన్నగారి తరువాత 17 ఏళ్ళు కంపెనీని నడిపి 1953లో పోయారు. ఆ కంపెనీ ఇప్పటికీ ఉన్నది. 2022 నుంచి ఎస్.ఎల్.బి. అనే మూడక్షరాల పేరుతో వ్యవహరిస్తున్నది. టైపిస్టులకు ఈ సదుపాయం కొంత ముందే చేసి ఉంటే బాగుండేది.

భూమి సొంత కరెంటును వినే పని కూడా ఆయనతో ఆగిపోలేదు. సూర్యుని నుంచి వచ్చే కణాల తాకిడికి భూమి అయస్కాంత శక్తి ఎప్పుడూ కొద్దికొద్దిగా కదులుతూ ఉంటుంది. ప్రపంచంలో ఎక్కడెక్కడో పడే మెరుపులు కూడా దానిని కదిలిస్తాయి. ఈ కదలికల వల్ల నేలలో విశాలంగా కరెంటులు పారుతుంటాయి. వీటిని అన్వేషణకు వాడడం గురించి మార్సెల్ 1939లో వ్యాసం ప్రచురించారు. రష్యాలో తిఖొనోవ్ 1950లో, ఫ్రాన్సులో లూయీ కాన్యార్ 1953లో ఒక మెట్టు పైకి వెళ్ళారు. నేల మీద సహజమైన విద్యుత్తును, అయస్కాంత కదలికను ఒకేసారి కొలిస్తే, నిదానమైన కదలిక లోతు సంగతిని, వేగమైన కదలిక పై సంగతిని చెబుతుందని తేల్చారు. హైదరాబాదులో 1961లో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు మన దేశంలో ఈ పద్ధతితో పనిచేశారు. ఎక్కడో మెరిసిన మెరుపుతో మన కాళ్ళ కింది రాతిని చదవడమన్నమాట.

నా సొంత మనవి

ఇప్పుడు మొదట్లో చెప్పిన మాటకు వస్తాను. మాది అనంతపురం జిల్లా పల్లె. 1986 వేసవిలో మా తమ్ముడు బోరు సర్వేకు అర్జీ పెట్టుకున్నాడు. మా ఆఫీసు నుంచే జియోఫిజిసిస్టు గారు వెళ్ళి, ఎండలో ఒక రోజంతా తీగలు పరచి, మూడుచోట్ల కొలతలు తీశారు. రిపోర్టు నేనే టైపు కొట్టాను. మెట్టలో రెండుచోట్లా రాయి పైకే ఉన్నది, బోరు సిఫారసు చేయడం లేదు. వంక పక్కన మూడవచోట మాత్రం కుళ్ళిన పొర కొంత ఉన్నది, ప్రయత్నించవచ్చు. ఇదీ సారాంశం. కార్బను కాపీ ఫైల్లో పెట్టి, అసలు కాపీని తపాల్లో పంపించాను. నా లెక్కలో పని పూర్తయింది.

రిపోర్టు ఇంగ్లీషులో ఉన్నది. మా తమ్ముడికి ఇంగ్లీషు రాదు. వాడు దానిని మడిచి దూలం సందున పెట్టి, కొబ్బరికాయతో నీళ్ళు చూసే మనిషిని పిలిపించుకున్నాడు. ఆయన మెట్ట మీద, మోటారు షెడ్డుకు అనువైన చోటు చూపించాడు. రిగ్గు లారీ వచ్చింది. రాత్రంతా దుమ్మే లేచింది. మొండివాడు గనుక పదిగజాల అవతల రెండవ బోరు కూడా వేయించాడు. అదీ దుమ్మే. ఆ అప్పు తీరడానికి ఎకరంన్నర అమ్మాడు.

ఆ నెలలోనే నేను ఒకసారి ఊరికి వెళ్ళి ఉన్నాను. బోరు ఇంకా వేయలేదు. రిపోర్టులో ఏముందో తెలుగులో నాలుగు ముక్కలు చెప్పడానికి పది నిమిషాలు పట్టేది. చెప్పలేదు. నా కారణం కూడా వ్రాస్తాను. వేలసార్లు టైపు కొట్టానే గాని, ఆ కడ్డీల మాట మీద నాకే నమ్మకం లేదు. అర్థం కానిదానిని నమ్మడం ఎలా? కొబ్బరికాయ ఎంతో, ఆ మిషనూ అంతే అనుకున్నాను. ఆ పద్ధతి వెనుక ఒక మనిషి, తొట్టిలో ఇసుక, మట్టిముంతలతో కొండల్లో నడక, తండ్రి వ్రాసిన ఒప్పందం, ఇంతవరకే తెలుసు ఇంతకు మించి తెలియదని చెప్పే నిజాయితీ ఉన్నాయని తెలిసి ఉంటే, తప్పకుండా చెప్పి ఉండేవాణ్ణి.

కాన్రాడ్ గారి జీవితంలో నాకు పెద్దగా తోచినది ఆయన కనిపెట్టినది మాత్రమే కాదు. కనిపెట్టినదానిని ఎదుటివారు కళ్ళతో చూసేలా మ్యాపు గీసి ముందు పెట్టారు. అంకెలు అంకెలుగా వదిలేయలేదు. మేము అంకెలను ఇంగ్లీషులో కొట్టి, తపాలా బిళ్ళ అంటించి వదిలేశాము. భూమి చెప్పింది, మిషను విన్నది, ఆఫీసరు వ్రాశారు, నేను టైపు కొట్టాను. చివరి మూరెడు దూరం మాత్రం ఎవరూ నడవలేదు. ఆ మూరెడు నాది.

మొన్న సంక్రాంతికి మా తమ్ముడు ఇంటికి వస్తే, ఈ వ్యాసం కోసం వ్రాసుకున్నదంతా వాడికి చదివి వినిపించాను. చివరిదాకా విన్నాడు. నువ్వు ఆనాడు చెప్పినా నేను మెట్ట మీదే వేయించేవాణ్ణిలే అన్నా అని నవ్వాడు. నా మనసు కుదుట పరచడానికే అన్నాడేమో. వేయించేవాడేమో కూడా. వినడం మానడం వాడి ఇష్టం. చెప్పడం నా పని. వంక పక్క మూడవచోట ఇంతవరకు ఎవరూ బోరు వేయలేదు.

మిత్రులారా, మనమందరం సర్వీసంతా కాగితాల మీద గడిపినవాళ్ళం. ఇప్పటికీ ఇరుగుపొరుగువారు, బంధువులు ఏదో కాగితం పట్టుకుని మన దగ్గరకు వస్తూనే ఉంటారు. పెన్షను ఉత్తర్వు కావచ్చు, ఆసుపత్రి రిపోర్టు కావచ్చు, బోరు సర్వే కావచ్చు. కళ్ళజోడు పెట్టుకుని, దానిని చివరిదాకా చదివి, అందులో ఉన్నది ఉన్నంతవరకు, వారి భాషలో చెప్పండి. తెలియనిచోట తెలిసినవారిని అడిగి చెప్పండి. మనకు మిగిలిన ఉద్యోగం ఇదే. దీనికి రిటైర్మెంటు లేదు.